మంచుకొండలకు విద్యార్థియాత్ర

ఐరోపాలో పలువురు విద్యార్థులు శీతకాలమున ఆల్ప్స్ పర్వతములకేగి, కాళ్లకు పొడవైన పలకలు తగిలించుకొని మంచువాలులపై జారుట నేర్తురు. దీనినే స్కీయింగ్ అందురు. ఆట ముచ్చటైనదే, కాని దూరమునుండి విమానమున వచ్చువారివలన కలుగు కాలుష్యములో పెద్దపాలు కొండమీదిది కాదు, దారిలోనిది. లండనునుండి రైలున బోయినచో వెలువడు బొగ్గుపులుసు వాయువు ఎంతో తక్కువ.

స్విట్జర్లండులోని జెర్మాట్ గ్రామమున పెట్రోలు కార్లకు ప్రవేశము లేదు. వచ్చినవారు కార్లను టేష్ అను ఊరిలో విడిచి రైలెక్కవలెను. జెర్మాట్ నుండి మూడువేల మీటర్లకు పైబడిన గోర్నర్‌గ్రాట్‌కు 1898 నుండియు విద్యుద్రైలు నడచుచున్నది. బొగ్గుపొగయే నాగరకతకు గుర్తుగానున్న దినములలో ఇది మెచ్చదగిన పనియే!

మంచు చాలనిచోట యంత్రములతో నీటిని చిమ్మి కృత్రిమముగా మంచు చేయుదురు. దానికి నీరును విద్యుత్తును విశేషముగా ఖర్చగును. కావుననే మంచు సహజముగా నిలుచు ఎత్తైన తావులను ఎన్నుకొనుట మేలు. అట్టి తావులును తరుగుచున్నవి: గోర్నర్‌గ్రాట్‌పై నిలిచి చూచువారి యెదుటనున్న హిమానీనదము భూతాపముచే నానాటికి వెనుకకు తగ్గుచున్నది.