ఎగిరిన రాకెట్టు తిరిగి దిగునా?

మిర్యాలగూడ మిల్లులో బియ్యము ఎత్తుకొన్న లారీ ఒకటి కోదాడ మీదుగా విజయవాడ చేరినదనుకొందము. బస్తాలు దింపిన పిదప ఆ లారీని కృష్ణలోనికి త్రోసివేసి, మరునాటి లోడుకు క్రొత్త లారీ కొనెడి యజమాని ఎక్కడైనను ఉండునా? ఉన్నచో ఆ బియ్యము కిలో ఏ ధర పలుకునో విద్యార్థులే లెక్కకట్టగలరు. చిత్రమేమనగా, 1957లో స్పుత్నిక్ ఎగిరినది మొదలు దాదాపు ఆరు దశాబ్దములు రాకెట్ల విషయమున ప్రపంచము చేసినది ఇంచుమించు ఇదియే. ఉపగ్రహమును మోసిన వాహనము ఒక్క ప్రయాణముతోనే వృథా యగుచు వచ్చినది. 1981 నుండి 2011 వరకు ఎగిరిన అమెరికా షటిల్ కొంత మినహాయింపు. కాని ప్రతి యాత్ర పిదప దానిని మరల సిద్ధము చేయు ఖర్చు తడిసి మోపెడైనది.

తెలుగు పాఠము చెప్పు మాకు రాకెట్ల ప్రసంగమెందుకని కొందరికి తోచవచ్చును. మన పుష్పకము గాని, ఉర్దూ కథలలోని ఉడన్ ఖటోలా గాని పోయి రాగలిగిన వాహనములే. రాముడు అయోధ్య చేరిన పిదప పుష్పకమును కుబేరుని వద్దకు తిరిగి పంపినాడే గాని పారవేయలేదు. కవి ఊహకు ఇంత సులువైన తిరుగు ప్రయాణము ఇంజనీరుకు ఎందుకంత కష్టమైనదో తెలిసికొనవలెనని మాకు కుతూహలము కలిగినది.

కష్టము ఇట్టిది. రాకెట్టు తొలి దశ, అనగా బూస్టర్, తన పని ముగించునప్పటికి నేలకు అరువది కిలోమీటర్లకు పైన, గంటకు వేల కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. స్పేస్ ఎక్స్ సంస్థ వారి ఫాల్కన్-9 బూస్టర్ నలుబది మీటర్లు మించిన గొట్టము. అది ఆకాశములో వెనుదిరిగి, ఇంజన్లను మరల మండించి వేగము తగ్గించుకొని, జల్లెడ వంటి రెక్కలతో దారి సరిచేసికొనుచు నిటారుగా దిగవలెను. ట్యాంకులు దాదాపు ఖాళీయై తేలికపడిన ఆ గొట్టము బరువు కంటె, ఒక్క ఇంజను కనిష్ఠ బలమే ఎక్కువ. కావున హెలికాప్టరు వలె గాలిలో నిలిచి ఆలోచించుకొను వీలు లేదు. వేగము సున్న యగుటయు నేల తగులుటయు ఒకే క్షణమున జరుగవలెను. ముందైనచో మరల పైకి లేచును, ఆలస్యమైనచో గుద్దుకొనును.

2015 జనవరిలో సముద్రముపై నిలిపిన ఓడ మీదికి దింపబోగా, రెక్కలను త్రిప్పు హైడ్రాలిక్ ద్రవము చివరలో అయిపోయి బూస్టర్ ఓడను గుద్దుకొన్నది. ఏప్రిల్‌లో ఇంజను బలమును అదుపు చేయు కవాటము మందగించినందున, ఓడను తాకి ఒరిగిపోయినది. డిసెంబరులో ఫ్లోరిడా తీరమున, నేలపై తొలి విజయము లభించినది. ఇక గెలిచినట్లే అనుకొనునంతలో 2016 జనవరిలో ఓడపై చక్కగా దిగిన బూస్టర్, ఒక కాలి గొళ్ళెము పడక కూలినది. ఓడపై విజయము ఆ ఏప్రిల్ 8న గాని దక్కలేదు. ఈ మూడు వైఫల్యములలో ఏ రెంటికిని కారణము ఒకటి కాదు. మేము ముఖ్యముగా గమనించినది ఇదియే. అట్లు దిగిన బూస్టరును 2017 మార్చిలో మరల ఎగురవేసినారు. ముప్పది సార్లకు పైగా ఎగిరిన బూస్టర్లు నేడు కలవు.

అయినను తిరుగు ప్రయాణము ఉచితము కాదు. లారీకి రిటర్న్ లోడు దొరుకును; బూస్టరుకు దొరకదు. దిగుటకు కావలసిన ఇంధనమును మొదటనే దాచుకొనవలెను. ఆ మేరకు మోయగల బరువు తగ్గును. అందుచేత మిక్కిలి బరువైన ఉపగ్రహముల కొరకు బూస్టరును నేటికిని కొన్నిసార్లు వదలుకొనుచున్నారు.

మన దేశము మొదట రెక్కల మార్గమును ఎంచుకొన్నది. 2016 మే 23న శ్రీహరికోట నుండి ఇస్రో వారి 1.75 టన్నుల నమూనా 65 కిలోమీటర్ల ఎత్తుకు ఎగసి, ధ్వనికి అయిదు రెట్ల వేగముతో మరలి, 450 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతములో నిర్ణయించిన చోటికి చేరినది. రన్‌వే పైకి దింపుట అప్పటికి తలపెట్టలేదు. ఆ పని కర్ణాటకలో చిత్రదుర్గ వద్ద 2023 ఏప్రిల్ 2న జరిగినది. చినూక్ హెలికాప్టరు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున వదలగా, వాహనము తనంతట తానే రన్‌వే చేరినది. 2024 మార్చి 22న కావలెననియే దారికి ప్రక్కగా వదలినారు. జూన్ 23న మరింత ప్రక్కగా, 500 మీటర్ల ఎడముగా వదలినను నడిగీత పట్టుకొన్నది. గంటకు 320 కిలోమీటర్లకు మించిన వేగముతో నేల తాకిన ఈ వాహనము పేరు పుష్పక్! మార్చిలో దిగిన దేహమునే మార్పు లేకుండ జూన్‌లో మరల వాడినారు. మూడు పరీక్షలలోను మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఈ సంగతియే.

అయితే హెలికాప్టరు నుండి దిగుట వేరు, కక్ష్య నుండి దిగుట వేరు. నిటారుగా దిగు బూస్టర్ మనకు ఇంకను ముందున్న పని. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము 8,240 కోట్ల రూపాయలతో ఆమోదించిన క్రొత్త రాకెట్టు 30 టన్నుల వరకు మోయవలెను. దాని తొలి దశ తిరిగి రావలెను. నిర్మాణమునకు ఎనిమిది సంవత్సరముల గడువు పెట్టినారు. నేడు మన కళాశాలలో ఇంటరు చదువుచున్నవారు ఇంజనీర్లగు నాటికి, ఆ బూస్టర్ కాళ్ళకు గొళ్ళెములు అమర్చు పని ఇంకను మిగిలియుండవచ్చును.