ఏనుగుల దారిలో తేనెపెట్టెలు

మన కోనసీమకు ఏనుగుల బెడద లేదు. కానీ మనం పండించే వరి, అరటి, కొబ్బరే పార్వతీపురం మన్యంలో వాటిని పొలాల్లోకి లాగుతున్నాయి. పంటలే కాదు, మనుషుల ప్రాణాలూ పోతున్నాయి. 2023 మేలో అక్కడి భామిని మండలంలో కరెంటు షాక్‌తో నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. కాబట్టి కంచెకి కరెంటు పెట్టే మాటే వద్దు.

ఏనుగుకి తేనెటీగలంటే భయం. కెన్యాలో లూసీ కింగ్ ఆ భయాన్నే కంచెగా మార్చారు. పొలం చుట్టూ తేనెపెట్టెలు వేలాడదీసి తీగతో కలుపుతారు. ఏనుగు తీగని తోస్తే పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. 2021లో ఖాదీ కమిషన్ కొడగులో ఇలాంటిదే మొదలుపెట్టింది. మన దేశీ ఈగ ఆఫ్రికా ఈగంత కోపిష్టిది కాదు, పూర్తి రక్షణ అనుకోకండి. పెట్టెలో ఈగ నిలవాలంటే మాత్రం పురుగుమందు కొట్టకూడదు, ఏడాదంతా ఏదో ఒక పూత ఉండాలి. అది మన పద్ధతిలో చేసేవాళ్ళకే సాధ్యం. పెట్టెలు కట్టే విధానం కింది వీడియోలో చూడండి.