ధ్వనిసమత్వం

కొత్తగూడెం నుండి పాల్వంచ మీదుగా భద్రాచలానికి సాగే బస్సు ప్రయాణం సుమారు 40 కిలోమీటర్లు. పదిహేడవ శతాబ్దంలో కంచర్ల గోపన్న తహశీల్దారుగా పనిచేసింది ఈ పాల్వంచ పరగణాలోనే. ఆయనే భక్త రామదాసు. ఆయన కీర్తనలను మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానం తెలుగువారి ఇంటింటికీ చేర్చింది. బస్సులో కూర్చున్న విద్యార్థి ఒకడు సెల్‌ఫోనులో అటువంటి పాత రికార్డింగు వింటున్నాడనుకొందాం. శబ్దం తక్కువగా ఉన్నందున వాల్యూం పెంచుతాడు. కీర్తన ముగిసి, వరుసలోని కొత్త సినిమా పాట మొదలవుతుంది. వెంటనే అతడు ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్లు లాగివేస్తాడు. వాల్యూం మార్చకుండానే శబ్దం అంతగా ఎందుకు పెరిగింది?

కంప్యూటరు ధ్వనితరంగాన్ని అంకెలుగా మార్చి దాచుకొంటుంది. 1982లో వెలువడిన సీడీలో ఆ అంకె 32,767ను మించడానికి వీలులేదు. అది ధ్వనికి పైకప్పు వంటిది. పాత రికార్డింగులలో మృదంగంపై పడిన గట్టి దెబ్బ మాత్రమే ఆ కప్పు దాకా వెళుతుంది. గాత్రం చాలా దిగువన ఉంటుంది. 1990ల నుండి అనేక దేశాలలో పాటను మరింత బిగ్గరగా వినిపించాలనే పోటీ పెరిగింది. ఎత్తైన శిఖరాలను అణచి, తక్కిన ధ్వనినంతా పైకి నెట్టసాగారు. మంద్రానికీ తారానికీ నడుమనున్న అంతరం అలా కుంచించుకుపోయింది. ఎప్పుడూ అరిచేవాని మాటలో కోపమేదో వేడుకోలేదో తెలియనట్లే, అటువంటి పాటలో ఉద్వేగమెక్కడిదో తెలియదు.

రెండు పాటల గరిష్ఠస్థాయిని సమానం చేస్తే సరిపోతుందని తోస్తుంది. కాని సరిపోదు. కీర్తనలోని ఒక్క మృదంగపు దెబ్బ కప్పును తాకినందువల్ల రెండింటి గరిష్ఠమూ ముందే ఒకటిగా ఉన్నది. చెవి శిఖరాన్ని కాక, కొంతసేపు నిలిచే ధ్వని బలాన్నే ప్రధానంగా గ్రహిస్తుంది. పైగా అన్ని స్వరాలనూ ఒకే తీరుగా వినదు. ఒకే బలంతో మ్రోగినా బాగా లోతైన ధ్వనులు దానికి మెల్లగా తోస్తాయి. ఈ భేదాన్ని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లో కొలిచి చూపారు.

ఈ సూత్రం ఆధారంగా డేవిడ్ రాబిన్సన్ 2001లో 'రీప్లేగెయిన్' అనే పద్ధతిని ప్రతిపాదించాడు. ప్రోగ్రాం ముందుగా పాటను చెవి స్వభావానికి తగిన జల్లెడ పడుతుంది. దానిని సెకనులో ఇరవయ్యో వంతు ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క బలాన్ని కొలుస్తుంది. ఆ కొలతలను క్రమంలో పేర్చి, నూటికి 95 ముక్కలు ఏ స్థాయికి లోబడి ఉన్నాయో ఆ స్థాయినే పాట బిగ్గరతనంగా గ్రహిస్తుంది. 89 డెసిబెళ్ల ప్రమాణంతో పోల్చి, ఎంత తగ్గించాలో, ఎంత పెంచాలో ఫైలులో ఒక చిన్న గుర్తుగా వ్రాస్తుంది. ఫూబార్2000 వంటి ప్లేయరు పాడించేటప్పుడు ఆ గుర్తును చదివి శబ్దాన్ని సరిచేస్తుంది. 6 డెసిబెళ్లు తగ్గిస్తే తరంగపు ఎత్తు దాదాపు సగమవుతుంది. ఇందులో మెచ్చదగినది ఏమనగా, పాటలోని అంకె ఒక్కటీ మారదు. గుర్తును తొలగిస్తే పాట యథాస్థితికి వస్తుంది. గరిష్ఠస్థాయిని కూడా గుర్తించి ఉంచుతుంది కనుక, మెల్లని పాటను పెంచేటప్పుడు కప్పును తాకి ధ్వని చీలిపోకుండా ప్లేయరు జాగ్రత్తపడగలదు.

అయితే ప్రతి పాటనూ విడివిడిగా సమం చేస్తే కచేరీకి అన్యాయం జరుగుతుంది. మెల్లని ఆలాపన ఒక ఫైలుగా, ఉధృతమైన తని ఆవర్తనం మరొక ఫైలుగా ఉన్నప్పుడు రెండూ ఒకే బలంతో మ్రోగితే గాయకుడు ఉద్దేశించిన ఆరోహణ మాయమవుతుంది. అందుకే ఆల్బం మొత్తానికి ఒకే సవరణ చేసే విధానం కూడా ఇందులో ఉంది. కలగలుపు పాటలకు మొదటిది, కచేరీకి రెండవది తగును. బస్సులోని విద్యార్థి మొదటిదానిని ఎంచుకొంటే సినిమా పాట తగ్గి కీర్తన సరసన నిలుస్తుంది. కాని రికార్డింగు నాడే అణగిపోయిన దాని హెచ్చుతగ్గులను ఏ ప్లేయరూ తిరిగి తేలేదు.