కృష్ణా డెల్టా పొలాల్లో పక్షులు, పురుగుల ఛాయాచిత్ర నమోదు: సూపర్‌జూమ్ బ్రిడ్జ్ కెమెరా, మిర్రర్‌లెస్ కెమెరాల తులనాత్మక పరిశీలన

సంగ్రహం

పంటపై వాలిన పక్షిని, ఆకుపై ఉన్న పురుగును సరిగా గుర్తించడం సస్యరక్షణ నిర్ణయాలకు తొలి మెట్టు. ఇందుకు క్షేత్రస్థాయిలో రెండు రకాల కెమెరాలు అందుబాటులో ఉన్నాయి. మొదటిది, విడదీయరాని ఒకే కటకంతో అతి దూరాన్ని దగ్గర చేసే సూపర్‌జూమ్ బ్రిడ్జ్ కెమెరా. రెండవది, పెద్ద సెన్సారుతో, మార్చుకొనదగిన కటకాలతో పనిచేసే వృత్తిస్థాయి మిర్రర్‌లెస్ కెమెరా. కృష్ణా డెల్టా వెలుతురు, వేడి, తేమ పరిస్థితులలో ఈ రెండింటి సామర్థ్యాన్ని ఈ వ్యాసం పోలుస్తుంది. ఇందులోని విలువలు తయారీదారులు ప్రకటించిన కొలతల నుండి భౌతికశాస్త్ర సూత్రాల ద్వారా గణించినవే కాని, క్షేత్ర ప్రయోగ ఫలితాలు కావు.

ముఖ్య పదాలు: కృష్ణా డెల్టా, బ్రిడ్జ్ కెమెరా, మిర్రర్‌లెస్ కెమెరా, పృథక్కరణ సామర్థ్యం, వివర్తనం, పక్షుల గుర్తింపు

పరిచయం

విజయవాడ వద్ద 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ నుండి వెలువడే కాలువల కింద దాదాపు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఖరీఫ్‌లో వరి, వరి కోసిన తర్వాత మాగాణి మినుము ఈ ప్రాంతపు ప్రధాన పంటల సరళి. ఉత్తరాన కొల్లేరు, దక్షిణాన సముద్రతీరపు మడ అడవులు ఉన్నందున పొలాలకు పక్షుల రాకపోకలు అధికం. కొల్లేరు 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. కైకలూరు సమీపంలోని ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి.

పొలంలో వాలే పక్షులన్నీ పంటకు శత్రువులు కావు. పాలు పోసుకునే దశలో వరి గింజను మునియాలు, గిజిగాళ్లు తింటాయి. రామచిలుకలు మొక్కజొన్న, పొద్దుతిరుగుడు పంటలకు నష్టం కలిగిస్తాయి. అదే పొలంలో పసులపోలిగాడు పురుగులను గాలిలోనే పట్టి తింటుంది. పశువుల వెంట తిరిగే తెల్ల కొంగ దుక్కిలో బయటపడిన పురుగులను ఏరుకుంటుంది. గట్టు మీద నిలబడి చూసే రైతుకు యాభై మీటర్ల దూరంలోని చిన్న పిట్ట కేవలం ఒక చుక్క. ఆ చుక్క ఏ జాతిదో తెలియకుండా తీసుకునే చర్య మేలు చేసే పక్షిని తరిమివేయవచ్చు, లేదా హాని చేసే గుంపును వదిలివేయవచ్చు. అందువల్ల కెమెరా ఎంపిక అభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

పోలికకు ఎంచుకున్న పరికరాలు

బ్రిడ్జ్ తరగతికి నికాన్ కూల్‌పిక్స్ పి1000 (2018), మిర్రర్‌లెస్ తరగతికి నికాన్ జెడ్8 (2023) కెమెరాతో పాటు 180–600 మి.మీ. కటకాన్ని ఉదాహరణలుగా తీసుకోవడమైనది. ఇతర సంస్థల సమాన తరగతి పరికరాలకు కూడా ఈ తర్కం వర్తిస్తుంది.

| అంశం | బ్రిడ్జ్ (పి1000) | మిర్రర్‌లెస్ (జెడ్8, 180–600) |
|---|---|---|
| సెన్సారు కొలత | సుమారు 6.17 × 4.55 మి.మీ. | 35.9 × 23.9 మి.మీ. |
| పిక్సెళ్లు | 1.6 కోట్లు | 4.57 కోట్లు |
| గరిష్ఠ నాభ్యంతరం (వాస్తవ) | 539 మి.మీ. | 600 మి.మీ. |
| గరిష్ఠ జూమ్ వద్ద అపర్చర్ | ఎఫ్ 8 | ఎఫ్ 6.3 |
| బరువు | 1.4 కిలోలు | సుమారు 3 కిలోలు |

పి1000 కటకాన్ని 3000 మి.మీ.గా ప్రచారం చేయడం చదువరులకు తెలిసినదే. అది 35 మి.మీ. ఫిల్ముతో పోల్చి చెప్పే సమాన విలువ. వాస్తవ నాభ్యంతరం 539 మి.మీ. మాత్రమే. సెన్సారు అతి చిన్నది కావడం వల్ల ప్రతిబింబంలోని చిన్న భాగమే నమోదై, దృశ్యం ఇరుకై, దూరం తగ్గినట్లు కనిపిస్తుంది. మిర్రర్‌లెస్ సెన్సారు వైశాల్యం దీనికి సుమారు 30 రెట్లు. ఈ ఒక్క భేదం నుండే తక్కిన గుణదోషాలు చాలా వరకు పుడుతున్నాయి.

దూరపు పక్షి: పిక్సెళ్లు, వాస్తవ వివరాలు

యాభై మీటర్ల దూరంలో వరి కంకిపై వాలిన 11 సెం.మీ. పొడవు గల మునియాను ఉదాహరణగా తీసుకుందాం. గరిష్ఠ జూమ్ వద్ద బ్రిడ్జ్ కెమెరా ఆ దూరంలో 57 సెం.మీ. వెడల్పు గల దృశ్యాన్ని మాత్రమే చూస్తుంది. అందులో పక్షి సుమారు 890 పిక్సెళ్ల పొడవున నమోదవుతుంది. మిర్రర్‌లెస్‌లో దృశ్యం వెడల్పు సుమారు 3 మీటర్లు. పక్షికి దక్కేవి 300 పిక్సెళ్లు. పైకి చూస్తే బ్రిడ్జ్ కెమెరాకు మూడు రెట్ల ఆధిక్యం కనిపిస్తుంది.

అయితే కాంతి తరంగ స్వభావం వల్ల ఏ కటకమైనా ఒక బిందువును బిందువుగా చూపలేదు, చిన్న వలయంగా పరుస్తుంది. ఇదే వివర్తనం. ఎఫ్ 8 వద్ద ఆకుపచ్చ కాంతికి ఈ వలయపు వ్యాసం సుమారు 10.7 మైక్రాన్లు. పి1000లో ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు 1.34 మైక్రాన్లే. అంటే ఒక బిందువు ఎనిమిది పిక్సెళ్ల మేర వ్యాపిస్తుంది. యాభై మీటర్ల వద్ద ఈ కెమెరా విడదీసి చూపగల కనిష్ఠ దూరం సుమారు అర మిల్లీమీటరు. మిర్రర్‌లెస్‌లో పిక్సెల్ వెడల్పు 4.35 మైక్రాన్లు. అక్కడ హద్దును నిర్ణయించేది వివర్తనం కంటే పిక్సెళ్ల సాంద్రతే. రెండు పిక్సెళ్లకు తగ్గని వివరమే కనిపిస్తుందనుకుంటే కనిష్ఠ దూరం సుమారు 0.7 మి.మీ.

కనుక మూడు రెట్లుగా కనిపించిన ఆధిక్యం వాస్తవంలో ఒకటిన్నర రెట్లకు లోపే. అయినా అది ఆధిక్యమే. నిండు వెలుతురులో కదలకుండా కూర్చున్న పక్షి విషయంలో, తక్కువ ధర గల బ్రిడ్జ్ కెమెరా అంతకు నాలుగు రెట్లకు పైగా ధర పలికే పరికరాలకు దీటుగా నిలుస్తుంది. రొమ్ముపై పొలుసుల వంటి గుర్తులున్న మునియాను, అవి లేని మునియాను వేరుపరచడానికి ఈ సామర్థ్యం సరిపోతుంది.

వెలుతురు తగ్గినప్పుడు

పై ఫలితం నిండు ఎండకు మాత్రమే వర్తిస్తుంది. ఎండలో ఎఫ్ 8 వద్ద, ఐఎస్‌వో 100 వద్ద సెకనులో 400వ వంతు షట్టరు వేగం లభిస్తుంది. దట్టమైన మేఘాలు కమ్మినప్పుడు వెలుతురు పదహారో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు అదే వేగానికి ఐఎస్‌వో 1600 అవసరం. చిన్న సెన్సారులో ఆ స్థాయికి చిత్రమంతా రవ్వలు తేలుతుంది. ఆ రవ్వలను తుడిచే క్రమంలో కెమెరా ఈకల గీతలను కూడా తుడిచివేస్తుంది. గుర్తింపునకు ఆధారమైనవి ఆ గీతలే.

మిర్రర్‌లెస్‌లో ఒక్కొక్క పిక్సెల్ వైశాల్యం సుమారు పదిన్నర రెట్లు. అపర్చర్ భేదాన్ని కూడా కలిపితే ఒక్కొక్క పిక్సెల్‌కు చేరే కాంతి దాదాపు 17 రెట్లు. అందువల్ల ఐఎస్‌వో 5000 వరకు వెళ్లి, సెకనులో 2000వ వంతు వేగంతో ఎగిరే పక్షిని కూడా నిలిపి చూపగలదు.

కృష్ణా డెల్టాలో ఇది ముఖ్యమైన అంశం. ఖరీఫ్ వరి అధిక విస్తీర్ణంలో పాలు పోసుకునేది అక్టోబరు, నవంబరు మాసాలలో. అది ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫానుల కాలం. పైగా గింజ తినే పక్షులు ప్రధానంగా ఉదయం, సాయంత్రం వేళల్లో గుంపులుగా దిగుతాయి. నష్టం జరిగే వేళ, వెలుతురు తక్కువగా ఉండే వేళ ఒకటే కావడం బ్రిడ్జ్ కెమెరాకు ప్రతికూలం.

వేడి గాలి తెరలు

వెలుతురు కోసం మధ్యాహ్నం వరకు ఆగితే మరొక చిక్కు ఎదురవుతుంది. నేల వేడెక్కిన కొద్దీ పైకి లేచే గాలి పొరలు కాంతిని అటూ ఇటూ వంచుతాయి. ఎండమావులు కనిపించేది కూడా ఈ కారణం చేతనే. వరి కోసిన ఎండు మాగాణిపై, మట్టి గట్లపై, తారు రోడ్డు మీదుగా తీసిన దూరపు చిత్రాలు నీటిలో చూసినట్లు అలలుగా వస్తాయి. ఈ దోషాన్ని ఏ ధర గల కెమెరా అయినా సరిదిద్దలేదు. దృశ్యాన్ని ఎంత పెద్దది చేస్తే అలలు కూడా అంత పెద్దవిగా కనిపిస్తాయి.

ఈ రెండు హద్దుల మధ్య బ్రిడ్జ్ కెమెరాకు అనుకూలమైన వేళ స్పష్టమవుతుంది. సూర్యుడు బాగా పైకి వచ్చినప్పటి నుండి నేల కాగే వరకు ఉండే ఉదయపు గంటలే దానికి ఉత్తమం. సాయంత్రం నేల చల్లబడి ఇంకా వెలుతురు ఉన్న కొద్ది సమయం దాని తర్వాతిది. మధ్యాహ్నం తప్పనిసరిగా చిత్రం తీయవలసి వస్తే జూమ్ పెంచడం కంటే పక్షికి, కెమెరాకు మధ్య దూరాన్ని తగ్గించడమే మార్గం.

కదలిక, ఫోకస్

కూర్చున్న పక్షికి, ఎగిరే పక్షికి మధ్య రెండు తరగతుల అంతరం బాగా పెరుగుతుంది. మిర్రర్‌లెస్ కెమెరా పక్షి కంటిని తానే గుర్తించి వెంబడిస్తుంది. రా ఫైళ్లను సెకనుకు 20 వరకు తీయగలదు. యాంత్రిక షట్టరు లేనందున చప్పుడు ఉండదు. పి1000 సెకనుకు ఏడు చొప్పున ఏడు చిత్రాలు తీసి, వాటిని కార్డుపై రాసుకునేందుకు ఆగుతుంది. 57 సెం.మీ. వెడల్పు గల కిటికీలోంచి ఎగిరే పిట్టను వెతకడం కష్టం. జూమ్‌ను క్షణకాలం వెనక్కు తెచ్చి మళ్లీ యథాస్థానానికి చేర్చే మీట దానికి ఉంది. దాని వాడకం అలవాటు చేసుకుంటే కూర్చున్న పక్షిని వెతకడం తేలికవుతుంది. గుంపులోని పక్షుల లెక్కింపునకు మాత్రం గరిష్ఠ జూమ్ పనికిరాదు. గుంపు మొత్తం పట్టే విశాల దృశ్యం తీసుకోవాలి.

పురుగులు, మిత్ర కీటకాలు

వరి దుబ్బు మొదట్లో ఉండే సుడిదోమ పొడవు సుమారు 4 మి.మీ. మిర్రర్‌లెస్ కెమెరాకు నిజ పరిమాణంలో చిత్రించే మాక్రో కటకం అమర్చితే ఆ పురుగుకు 900కు పైగా పిక్సెళ్లు దక్కుతాయి. రెక్కల ఈనెలు కూడా పరిశీలించవచ్చు. బ్రిడ్జ్ కెమెరా మాక్రో స్థితిలో ఒక సెంటీమీటరు దగ్గరకు వెళ్లగలదు. కాని అంత దగ్గరలో కటకపు నీడ పురుగుపై పడుతుంది, అలికిడికి పురుగు కదిలిపోతుంది. మినుముపై తెల్లదోమ, తామర పురుగుల వంటి సూక్ష్మ కీటకాలకు మాక్రో కటకమే తగినది.

తూనీగల వంటి మిత్ర కీటకాల విషయంలో స్థితి వేరు. పి1000 గరిష్ఠ జూమ్‌లో సుమారు 7 మీటర్ల దగ్గరి వరకు ఫోకస్ చేయగలదు. అక్కడ దృశ్యం వెడల్పు 8 సెం.మీ. కాబట్టి, మడిలోకి దిగకుండా గట్టు మీది నుండే తూనీగను చిత్రం నిండుగా తీయవచ్చు. మొక్కలు తొక్కుడు పడవు, కీటకం బెదరదు.

వేడి, తేమ, మోత

పైన చెప్పిన రెండు కెమెరాలకూ తయారీదారులు సూచించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్. విజయవాడ పరిసరాలలో మే నెల మధ్యాహ్నాలు తరచు ఆ హద్దు దాటుతాయి. కెమెరాను ఎండలో, మూసిన కారులో ఉంచరాదు. తడి గుడ్డ తగలకుండా తెల్లని గుడ్డ నీడ కల్పించాలి. జెడ్8కు ధూళి, తుంపరల నుండి రక్షణనిచ్చే అమరిక ఉంది. పి1000కు అది లేదు. తీర మండలాల ఉప్పు గాలి, వర్షాకాలపు తేమ వల్ల కటకాలలో బూజు పట్టే ప్రమాదం రెండింటికీ సమానం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో భద్రపరచాలి. ఇక మోత విషయంలో, గట్ల వెంట గంటల తరబడి నడిచే పరిశీలకుడికి 1.4 కిలోలకు, 3 కిలోలకు మధ్య భేదం చిన్నది కాదు.

చిత్రాన్ని ఆధారంగా నిలిపేందుకు పాటించవలసినవి

1. డిజిటల్ జూమ్‌ను నిలిపివేయాలి. అది కొత్త వివరాన్ని చేర్చదు.
2. వీలైతే రా ఫైలును కూడా భద్రపరచాలి. మూల చిత్రాన్ని ఎన్నడూ మార్చరాదు.
3. కృత్రిమ మేధతో పదును పెట్టిన చిత్రాన్ని జాతి నిర్ధారణకు వాడరాదు. అందులోని ఈక గీతలు కెమెరా చూసినవి కాకపోవచ్చు.
4. తేదీ, వేళ, గ్రామం, పంట, పంట దశ, సుమారు దూరం నోటు పుస్తకంలో రాయాలి.
5. ఒక పక్షిని వీపు, రొమ్ము, తల కనిపించేలా కనీసం మూడు కోణాల్లో తీయాలి.
6. పక్షి పొలంలో ఉన్నంత మాత్రాన నష్టానికి కారణమని భావించరాదు. గింజను తింటున్న చిత్రం, నష్టపోయిన కంకి చిత్రం రెండూ ఉండాలి.
7. గూళ్ల దగ్గరకు వెళ్లరాదు. అభయారణ్య పరిధిలో అటవీ శాఖ నియమాలను పాటించాలి.

ఎంపికకు సూచనలు

వ్యవసాయ విద్యార్థులు, విస్తరణ సిబ్బంది, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ప్రధానంగా కూర్చున్న పక్షుల గుర్తింపు కోసం కెమెరా కొనదలిస్తే బ్రిడ్జ్ తరగతి చాలు. దానితో పాటు ఒంటికాలి స్టాండు కొనడం జూమ్ పెంచడం కంటే మేలు చేస్తుంది. పరిశోధనా స్థానాలు, కళాశాలల కీటకశాస్త్ర విభాగాలకు మిర్రర్‌లెస్ కెమెరాతో ఒక మాక్రో కటకం, ఒక దూరపు కటకం ఉమ్మడి ఆస్తిగా ఉండటం సముచితం. పరిమిత నిధులుంటే మొదట మాక్రో కటకం కొనాలి. దూరపు పక్షిని బ్రిడ్జ్ కెమెరాతో కొంతవరకు నమోదు చేయవచ్చు గాని, మిల్లీమీటరు పురుగు వివరాలకు అది ప్రత్యామ్నాయం కాదు. ఎగిరే పక్షులు, తెల్లవారుజామున దిగే గుంపులు అధ్యయన విషయమైనప్పుడే ఖరీదైన దూరపు కటకంపై వ్యయం సమర్థనీయం.

ముగింపు

నిండు వెలుతురులో కదలని పక్షి విషయంలో రెండు తరగతుల మధ్య అంతరం ధరల అంతరం కంటే చాలా తక్కువ. మేఘావృతమైన ఉదయాన, ఎగిరే పక్షి విషయంలో అంతరం ధరకు తగినంత పెద్దది. వేడి గాలి ముందు రెండూ సమానమే. కనుక కొనుగోలుకు ముందు ఏ పంట, ఏ దశ, ఏ వేళ, ఎంత దూరం అనే నాలుగు ప్రశ్నలకు సమాధానాలు రాసుకుంటే తగిన కెమెరా ఏదో తేలుతుంది. సరైన గుర్తింపు జరిగిన పొలంలో పసులపోలిగాడు వాలేందుకు కర్ర పాతాలో, మునియాల గుంపును మరలించేందుకు కాపలా పెట్టాలో రైతు నిస్సందేహంగా నిర్ణయించుకోగలుగుతాడు.