వరదకు ముందే ఇంటి రక్షణ

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల వారికి వరద రెండు దారుల వచ్చును. ఒకటి తుపానుతో సముద్రమువైపునుండి వచ్చునది. దానిని గాలినిబట్టియు, రేడియో వార్తలనుబట్టియు అందరును గుర్తింతురు. రెండవది ఎగువనుండి వచ్చునది. వంశధార, నాగావళి నదులు రెండును ఒడిశా కొండలలో పుట్టినవి. అచ్చట కుండపోతగా కురిసినచో, ఇచ్చట ఎండ కాయుచున్నను నది పొంగును. చంపావతివంటి చిన్ననదులు తూర్పు కనుమలనుండి కొద్దిదూరము మాత్రమే ప్రవహించును గనుక, వాని వరదకు వ్యవధి ఇంకను తక్కువ.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువలో తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలినవి. గాలి తగ్గిన పిదప గండము గడచినదనుకొనుట సహజము. కాని ఒడిశాలోని గజపతి జిల్లా కొండలపై ఆ తుపాను కురిపించిన వాన బాహుదా, వంశధారలలో దిగివచ్చి, ఇచ్ఛాపురము ప్రాంతమును, వంశధార తీరగ్రామములను ముంచెత్తినది. అప్పటికే స్తంభములు కూలి విద్యుత్తు పోయినది, ఫోనులు మూగవోయినవి. అట్టి వేళ వార్త చేరవలెనన్న మనిషి నడచి వెళ్లవలసినదే.

పంచాయతీ సభ్యుల మొదటి పని ఇందుండియే తేలుచున్నది. తన వార్డులో గర్భిణులు, మంచముపట్టినవారు, ఒంటరి వృద్ధులు ఏయే ఇండ్లలో నున్నారో ప్రతి సభ్యుడును వానకాలమునకు ముందే వ్రాసికొని, ఏ ఇంటికి ఏ యువకుడు పోవలెనో పేరుపెట్టి నిర్ణయింపవలెను. ‘అందరును చూచుకొందురు’ అనుకొన్నచో ఎవరును చూడరు. గొట్టా బ్యారేజీవద్దనో, తోటపల్లివద్దనో ప్రమాద హెచ్చరిక వెలువడినదని తెలిసిన వెంటనే చాటింపు వేయింపవలెను. కరెంటు లేనినాడు మైకు పలుకదు గనుక టముకును సిద్ధముగా నుంచుట మేలు.

ఇల్లు విడువుమన్నప్పుడు కుటుంబములు సంకోచించుట మొండితనముచేత కాదు. పొట్టకువచ్చిన వరిచేను, సాలలోని పశువులు, పెట్టెలోని కాగితములు వారిని పట్టి ఉంచును. పాసుపుస్తకము, ఆధార్, రేషను, బ్యాంకు కాగితములను ముందుగనే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, మందులు, టార్చిలైటు, అటుకులు, బెల్లము దగ్గరనుంచుకొన్న కుటుంబము త్వరగా కదలగలదు. పశువులను పగటిపూటనే మెట్టకు తోలవలెను. వీలుకానిచో పలుపులు విప్పి వదలవలెను. కట్టివేసిన పశువు ఈదలేదు.

గెడ్డ పొంగినదనగా చూడబోవుట మన గ్రామములలో తిరునాళ్లవలె నున్నది. పిల్లలను వెంటబెట్టుకొని పోవువారును గలరు! మోకాలికి దిగువనున్న నీరైనను వడి గలదైనచో మనిషిని పడద్రోయును. రెండడుగుల ప్రవాహము కారును సైతము తేల్చుకొనిపోగలదు. ఎర్రనీటి క్రింద కల్వర్టు మిగిలినదో, కోసికొనిపోయినదో కంటికి కానరాదు. అట్టిచోట దారికి అడ్డముగా త్రాడు కట్టించి, ఇరుప్రక్కల మనుష్యులను కాపుంచవలెను. ఆపదలో నున్నవారికొరకు 112కు గాని, జిల్లా కంట్రోలు రూమునకు 1077 ద్వారా గాని తెలుపవచ్చును.

నీరు తీసిన పిదప ఇంటిలో అడుగిడుటకు తొందర కూడదు. మెయిన్ స్విచ్చి కట్టియుంచి, తీగలు ఆరిన తరువాత తెలిసినవానిచే పరీక్ష చేయింపవలెను. చూరులందును, కట్టెల మోపులందును పాములు చేరియుండును, కర్రతో తట్టిచూడవలెను. బావులలో క్లోరిను కలిపించువరకు నీటిని తెరలకాచి త్రాగవలెను. చనిపోయిన పశువును పూడ్చుటకు ముందే పశువైద్యునకు చూపి, ఫోటో తీయించి, నష్టముల జాబితాలో యజమాని పేరు వ్రాయింపవలెను.