పక్కామె కుట్టు విప్పకు

స్టేషన్ ఘన్‌పూర్,
ఉగాది వెళ్లిన వారం

బిడ్డా,

నీ ఉత్తరం ముట్టింది. రఘునాథపల్లిల మీ వాడ ఆడోళ్లందరు ఆదివారం పొద్దటిపూట కూసొని బొంతలు కుడుతున్నరని చదివి సంబురమైంది. కానీ నడుమ ఒక మాట రాసినవు చూడు, అదే నాతోని ఈ ఉత్తరం రాయిస్తున్నది. ఒకామె వేసిన వరుస వంకర పోతే, అందరు ఇండ్లకు పోయినంక దాన్ని విప్పి నువ్వే సక్కగ కుట్టిన అంటివి. ఇగ ముందట అట్ల చేయకు. పక్కామె కుట్టు విప్పకు. గుంపుల కూసొని కుట్టేటోళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క మాటనే. కింద రాసేదంత దాని వివరమే.

విప్పొద్దనేటందుకు మొదటి కారణం గుడ్డది. పాత చీర మెత్తదనమే బొంతకు సుఖం. ఏండ్ల తరబడి ఉతికి ఉతికి అరిగిన నూలు అది. సూది ఒకసారి దిగిన కాడ దారం గుంజితే పోగులు లేస్తయి, చిల్లు మిగుల్తది. కొత్త గుడ్డ తట్టుకుంటది గని పాత చీర తట్టుకోదు. రెండో కారణం మనిషిది. ఎవరి కుట్టు వాళ్లకు ఎరుకే. వచ్చే ఆదివారం ఆమె వచ్చి, ఏమనకుండ తన వరుస కోసం చూస్తది. కనబడకపోయినా ఏమనదు. ఆ పై ఆదివారం మాత్రం ఇంట్ల పనున్నదని కబురు పంపుతది.

మరి తప్పు పోయిన కుట్టును ఏం చేయాలె అంటవు. ముందుగాల ఏది తప్పో తేల్చుకో. వంకర తప్పు కాదు. పొరలను కదలకుండ పట్టుకునుడే బొంత కుట్టుకున్న పని, వంకర కుట్టు కూడ ఆ పని చేస్తది. వరుసకు వరుసకు నడుమ ఎడం ఎక్కువైతేనే ఇబ్బంది. ఒక్క వేలు సందుంటే మేలు. మూడు నాలుగు వేళ్ల సందు పోతే నాలుగు ఉతుకులకు లోపలి గుడ్డ జారి ఒక దిక్కు ముద్దగడ్తది. అసొంటి కాడ పాత వరుసను ముట్టకుండ పక్కన ఇంకో వరుస వేయి. ఆమె కుట్టు ఆమెదే ఉంటది, బొంతా గట్టిగ ఉంటది.

ఇగ గుడ్డల సంగతి. ఇండ్లల్ల పాత చీరలకు కొదవ లేదు గని అన్నీ బొంతకు పనికిరావు. 2017 నుంచి కొన్నేండ్లు బతుకమ్మ పండుగకు సర్కారు చీరలు పంచింది గదా, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినయి. కట్టకుండ పెట్టెలల్ల దాచినయి ఇంకా చానా ఇండ్లల్ల ఉన్నయి. అందరు ముందుగాల అవే పట్టుకొస్తరు. అవి ఎక్కువ పాలిస్టర్‌వి, సూది కింద జారుతయి, చెమట గుంజవు. వద్దని చెప్పి తెచ్చినామెను చిన్నబుచ్చకు. రంగు కోసం ఒకటి పైముఖానికి వేసుకో, మిగిలినయి సంచులకు తీసిపెట్టు. ఒంటికి తగిలే పొర మాత్రం నూలుదే ఉండాలె.

ఇంకొక ముచ్చట ఎవరు నోరు తెరిచి చెప్పరు గని నువ్వు తెలుసుకోవాలె. బొంతకు పనికొచ్చేది ఒకరు కట్టి విడిచిన గుడ్డ. ఎవరి చీర ఎవరి బొంతల పడ్తదని కులం పట్టింపు మనసుల పెట్టుకునేటోళ్లు ఇంకా ఉన్నరు. మీటింగు పెట్టి నీతులు చెప్తే తలకాయలూపుతరు, చీర మాత్రం తేరు. నువ్వు మొదటి దినమే ఒక పద్ధతి పెట్టు. ఎవరు తెచ్చినా అన్ని చీరలు ఒకటే కాగుల, బట్టల సోడా వేసి, ఉడుకునీళ్లల్ల నానవెట్టాలె. రంగు దిగేటివి మాత్రం వేరే బకీట్ల. ఒకటే తీగ మీద ఆరాలె. ఆరినంక కత్తిరించి కుప్పవోస్తే ఏ పేలిక ఎవరిదో ఎవరికి పట్టదు. దీనికి పరిశుభ్రత అనే పేరుంటది గాబట్టి ఎవరు కాదనలేరు. పని జరిగిపోతది, మాటలు మిగలవు.

పరిచేటప్పుడు తొందరపడకుర్రి. చీర పొడుగు ఐదున్నర మీటర్లనుకో, సగానికి మడిస్తే రెండు పొరలు, రెండేముప్పావు మీటర్ల పొడుగు వస్తది. అట్ల మూడు చీరలకు ఆరు పొరలు. ఒక్క మనిషి కప్పుకునే బొంతకు అది సరిపోతది. ఎక్కువ పొరలు వేస్తే చలికి మంచిదే గని తడిసినంక లేపుడు కష్టం, సూది దిగుడు కష్టం. కింద జంపఖానా పరుచుకో, మీద గుడ్డ జారదు. ముందుగాల పెద్ద పెద్ద టాకాలు నడిమి నుంచి అంచుల దిక్కు వేసుకుంట పోవాలె. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్ని నడుమ చిక్కుకుంటయి. టాకాలు పడినంక నలుగురు నాలుగు దిక్కుల కూసొని, అంచు నుంచి లోపలికి వరుస వెంబడి వరుస తిరుగుకుంట రావాలె. నలుగురి కుట్లు నాలుగు తీర్లుంటయి. ఉండనీ.

జంపఖానా అంటే యాదికొచ్చింది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేసేటోళ్ల నైపుణ్యానికి అది దక్కాల్సిందే. బొంతకు మన కాడ అసొంటి గుర్తింపు లేదు. ఎందుకు లేదో ఆలోచించు. జంపఖానా మగ్గం మీద పుట్టి అంగడికి పోతది. బొంత ఇంట్ల పుట్టి ఇంట్లనే చినుగుతది. అమ్మని వస్తువుకు ధర లేదు, ధర లేనిదాన్ని ఎవరు కళ అనలేదు. బెంగాల్ కాంథా, బీహార్ సుజని కూడ ఒకప్పుడు మన బొంత తీర్గ పాత చీరల పొరలే. అంగడికి పోయినంకనే వాటికి పేరొచ్చింది. అందుకని మనం కూడ అంగడికి ఉరకాల్నా అంటే, జర ఆగి చూడు.

మీ సంఘానికి బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని వచ్చిందని రాసినవు. మంచిదే, వదులుకోకుర్రి. 2024ల సర్కారు జతకు కుట్టుకూలి 50 రూపాయల నుంచి 75 చేసింది. అది మిషన్ పని, కొలత పని. అక్కడ వంకర పోతే విప్పాల్సిందే, ఎందుకంటే ఆ అంగి వేసుకునే పిల్లగాడు ఆ కుట్టు ఎవరిదని చూడడు, చంక కాడ పిగిలిందా లేదా అని చూస్తడు. బొంత పని ఇంకో తీరు. ఈ రెంటినీ ఒక దినం, ఒక చోట పెట్టకు. యూనిఫాం దినం లెక్కలు, కొలతలు, నువ్వు లీడరువు. బొంత దినం నువ్వు కూడ నలుగుర్ల ఒకదానివి.

రెండూ వేరు వేరుగ పెట్టుకుంటే ఏమైతదో అమెరికాల ఒక ఊరి కథ చెప్తది. అలబామా రాష్ట్రంల జీస్ బెండ్ అని నదివంపుల ఊరున్నది. అక్కడి నల్లజాతి ఆడోళ్లు పనిల అరిగిన లాగులు, అంగీలు కత్తిరించి బొంతలు కుట్టేటోళ్లు. ఓటు హక్కు కోసం కొట్లాడిన కాలంల, 1966ల, ఆ దిక్కు ఆడోళ్లంత కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నరు. ఆ తర్వాత సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ దిండ్ల గలీబులకు ఆర్డరిచ్చింది. పైసలొచ్చినయి, ఇండ్లు నిలబడ్డయి. కానీ ప్రతి గలీబు అచ్చు ఒక్క తీర్గనే ఉండాలె. ఆ ఆడోళ్లు సంఘంల కొలత ప్రకారం కుట్టిండ్రు, ఇంటికొచ్చి తమ కప్పుకునే బొంతలను తమకు తోచినట్టు కుట్టుకున్నరు. 2002ల న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడల మీదికి ఎక్కినయి ఇంట్ల తోచినట్టు కుట్టుకున్నయే. 2006ల వాటి బొమ్మలతోని తపాలా బిళ్లలు వేసిండ్రు. మ్యూజియం కోసం కుట్టుమని చెప్తలేను బిడ్డా. కూలి కోసం కుట్టిన చేతికి, తన కోసం కుట్టుకునే చోటు కూడ కావాలె అని చెప్తున్న.

కొత్తగ వచ్చేటోళ్లను, చిన్నపిల్లలను సక్కగ బొంత మీద కూసోవెట్టకు. అంత పెద్ద గుడ్డను చూస్తే జంకుతరు. చిన్న పనులియ్యి. మసిగుడ్డ నాలుగు పొరలది, జానెడు వెడల్పు, ఒక్కపూటల అయిపోతది. ఇంటికి తీసుకపోయి అదే సందేళ దానితోని గిన్నె దించుకుంటరు. రొట్టెలు చుట్టే గుడ్డ, ముసలోళ్లకు ఆకువక్కల సంచి, బడిపిల్లలకు పలక సంచి, అంగడికి పోయే చేతిసంచి కుట్టియ్యి. యూనిఫాం కత్తిరింపుల్ల మిగిలిన పేలికలు వీటికి మంచిగ పనికొస్తయి. పసిపిల్ల కింద పరిచే చిన్న బొంత మాత్రం చెయ్యి తిరిగినోళ్లకే ఇయ్యి. అందుల జరీ ఉండొద్దు, ముడి పైకి తేలొద్దు, దారం ఊడి వేలికి చుట్టుకోవద్దు. అక్కడ తప్పుపోతే విప్పు. పసిపాప ఒంటికి గుచ్చుకునే కుట్టుకు నా మాట వర్తించదు.

నెలకొకసారి అందరు తమ తమ చిన్న పనులు తెచ్చి నడుమ పెట్టుర్రి. అప్పుడు రెండు పద్ధతులు పాటించుర్రి. ఒకటి, అయిపోయినయే కాదు, సగం పడినయి కూడ తేవాలె. ఎక్కడ చిక్కువడ్డదో సగం పనిలనే కనబడ్తది, నేర్చుకునుడు అక్కడ్నే ఉంటది. రెండు, “బాగుంది” అనే మాట మీదనే ఆగకుర్రి. “ఈ మూల ఎట్ల మలిచినవు?” అని అడుగుర్రి. మెచ్చుకున్నదానికన్న అడిగినదానికి మనిషి ఎక్కువ మురుస్తది, అడిగినామె ఒక పని నేర్చుకుంటది.

మూలలంటే కర్ణాటక అడవుల్ల ఉండే సిద్ధీలు యాదికొస్తరు. ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చి ఉత్తర కన్నడ జిల్లా దిక్కు స్థిరపడ్డోళ్లు. వాళ్ల ఆడోళ్లు కుట్టే బొంతల మూలలకు గుడ్డను మడిచి మడిచి పువ్వుల తీర్గ కుడ్తరు. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదంటరు. మీరు కూడ నాలుగు మూలలను నలుగురికి పంచుకోర్రి. ఎవరి మూల వాళ్ల ఇష్టం, చీరకొంగు ముక్క వేసినా సరే, రంగుదారంతోని చుక్క పెట్టినా సరే. పెద్దవయసు ఆమెకు ఒక మూల తప్పకుండ ఇయ్యి. చూపు ఆనకపోతే సూదిల దారం ఎక్కియ్యి, కుట్టు మాత్రం ఆమెనే వేయనియ్యి.

అయిపోయిన బొంత ఎవరికి పోవాలె అన్న కాడ్నే గుంపులు పలుగుతయి. చీట్లు వేసి వరుస రాసుకోర్రి, గోడకు అతికించుర్రి. ఎవరింట్లనన్న పురుడున్నదంటే, ముసలోళ్లు మంచంల పడ్డరంటే వాళ్లను ముందటికి తేవాలె, దానికి అందరి మాట తీసుకోవాలె. ఎవరన్న సచ్చిపోయిన తల్లి చీరలు పట్టుకొచ్చి బొంత చేయమంటే, ఆ గుడ్డల్ల వేరే గుడ్డ కలపకుర్రి, కత్తిరించిన చిన్న పేలిక కూడ వాళ్లకే తిరిగియ్యుర్రి. ఆ బొంతకు వరుస లెక్క పెట్టకుర్రి.

కాలం చూసుకో. పత్తి ఏరుడు సంక్రాంతి దాటేదాక సాగుతది, ఇప్పుడు యాసంగి వరికోతలున్నయి. కోతలు అయినంక మృగశిర దాకనే మీకు చేతులు ఖాళీ. ఎండ ముదరకముందే, పొద్దటి పూట చెట్టు నీడకు కూసోర్రి. చెమట చేతులకు సూది జారుతది, చీర మీద మరక పడ్తది. తొలివాన పడితే మళ్ల ఒక్కరు దొరకరు, పత్తి గింజలు పెట్టేటందుకు పోతరు. అందుకని మూడు బొంతలు మొదలుపెట్టకుర్రి. ఒక్కటి మొదలుపెట్టి, మృగశిరకు ముందట్నే వరుసల మొదటి పేరున్నామె ఇంటికి చేర్చుర్రి. ఒక్క బొంత ఒక్క ఇంటికి చేరితే, మళ్ల ఎండకాలం మీరు పిలువకున్నా వాళ్లే వస్తరు.

మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. ఆమెను కూడ కూసోవెట్టుకో, బొంతల సంగతి మన అందరికన్న ఆమెకే ఎక్కువ ఎరుక.

ఇట్లు
మీ పెద్దమ్మ