పంచాయతీ కార్యాలయమున ఇంటర్నెట్ పంపకము

కార్యాలయమున కంప్యూటర్లు మూడున్నవి; ఇంటర్నెట్ లైను ఒక్కటే యున్నది. ప్రతి యంత్రమునకు వేరు లైను తీసికొని నెలనెలా వేరు చందా కట్టవలెనా? జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పంచాయతీ సభ్యులకు కలుగదగిన సందేహమే ఇది. అట్టి వ్యయము అక్కరలేదు. ఒక్క లైనును పది యంత్రములైనను పంచుకొనవచ్చును. అయితే పంపకమునకు ఒక క్రమము కావలెను.

గ్రామ పంచాయతీలను ఫైబర్ తీగలతో కలుపు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో మంజూరు చేసినది. దానికి 2015 నుండి భారత్ నెట్ అని పేరు. మన రాష్ట్రమున టి-ఫైబర్ సంస్థ ఈ తీగలకై మిషన్ భగీరథ మంచినీటి గొట్టముల కందకములను వాడుకొన్నది. కనుక నీటి పోలికతోనే ఈ సంగతి చెప్పుదును.

బయ్యారము పెద్ద చెరువు, గణపురము చెరువు కాకతీయుల నాటివి. అట్టి చెరువు తూము క్రింద ఏ పొలమునకు ఎప్పుడు నీరు పారవలెనో చూచువాడు నీరటి. కార్యాలయములో ఆ పని చేయునది రూటరు అను చిన్న పెట్టె. కంపెనీ వారు లైనునకు ఒక్క చిరునామా మాత్రమే ఇత్తురు. రూటరు ఒక్కొక్క యంత్రమునకు 192.168.1.10 వంటి లోపలి సంఖ్య నొకటి ఇచ్చి, ఎవరు ఏమి కోరిరో గుర్తు పెట్టుకొని, వచ్చిన జవాబును వారికే చేర్చును. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచమంతటికి సుమారు 430 కోట్లే. వాని కేంద్ర నిలువ 2011 ఫిబ్రవరిలో నిండుకొన్నది. ఇట్టి లోపలి సంఖ్యలను 1996లోనే ప్రత్యేకించి యుంచుటచే నేడు ఇన్ని యంత్రములు పని చేయగలుగుచున్నవి.

కంపెనీ వారు బిగించు పెట్టెలోనే రూటరు ఇమిడి యుండుట కద్దు. వేరొకటి కొనుటకు ముందు అడిగి తెలిసికొనవలెను. తీగలు పెట్టు చోటులు చాలనిచో స్విచ్ అను పెట్టె నొకటి చేర్చిన చాలును. రాగి తీగ ఏదియు 100 మీటర్లు మించరాదు.

లైను వేగము 20 మెగాబిట్లు అనుకొందము. 100 మెగాబైట్ల దస్త్రము ఒక్కరే దింపుకొనిన 40 సెకన్లలో వచ్చును. అయిదుగురు ఒక్కసారిగా లాగిన ఒక్కొక్కరికి 200 సెకన్లు పట్టును. బిల్లుల చెల్లింపు నాడు, ఈ-గ్రామస్వరాజ్‌లో కార్యదర్శి పని ముగియకముందే ప్రక్కగదిలో నలుగురు సినిమాలు చూచుచుండిన, కూలి డబ్బు కొరకు వచ్చిన మనిషి గడపలో కూర్చుండవలసినదే. చాల రూటర్లలో ఆఫీసు యంత్రములకు ముందు వాటా నిచ్చు ఏర్పాటు కలదు. దానిని వాడుకొనవలెను.

ఒక కార్యాలయమున వైఫై పాస్‌వర్డు గోడమీద సుద్దముక్కతో వ్రాసి యుండుట నేను చూచితిని. అడిగిన వారికెల్ల చెప్పలేక అట్లు వ్రాసితిమనిరి! బయటివారికి ఆ లైనంతయు ఒక్క చిరునామాగానే కనబడును. ఎవరి ఫోను నుండి మోసము జరిగినను విచారణ మొదట పంచాయతీ గడపకే వచ్చును. అంతేగాక అదే వలలో జనన మరణ రికార్డుల యంత్రము, చెల్లింపులకు డిజిటల్ సంతకము చేయు యంత్రము ఉన్నవి. వచ్చిపోవువారికి రూటరులోనే అతిథుల వల వేరుగా ఏర్పరచవచ్చును. దానిలో చేరినవారికి ఇంటర్నెట్ అందునుగాని ఆఫీసు యంత్రములు అందవు. రూటరు అడుగున ముద్రించి వచ్చిన పాస్‌వర్డును బిగించిన నాడే మార్చవలెను.

ఊరివారికందరికి ఇంటర్నెట్ ఇయ్యదలచినచో ఆఫీసు లైనును పంచరాదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గ మామోదించిన పీఎం-వాణి పథకము క్రింద చిన్న దుకాణదారుడైనను లైసెన్సు లేకయే వైఫై కేంద్రము నడుపవచ్చును.

రూటరునకు చిన్న బ్యాటరీ నొకటి అమర్చిన, కరెంటు పోయినను లైను నిలుచును. కొత్త పాస్‌వర్డు ఎవరి యధీనమున నుండవలెనో రాబోవు సమావేశమున తీర్మానించి మినిట్స్ పుస్తకమున ఎక్కింపుడు. పాస్‌వర్డును మాత్రము అందు వ్రాయకుడు.